పాత డెస్క్‌టాప్‌కి విండోస్ 11 రాదంటోంది, ఇంట్లో వాళ్లకి ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2016లో కొన్న డెస్క్‌టాప్, ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, అందులో విండోస్ 10. విండోస్ 11కి మారదామంటే ఈ పీసీకి కుదరదంటోంది. ఇంట్లో మీరు, మీ నాన్నగారు, పదో తరగతి చదివే మీ అమ్మాయి ముగ్గురూ దాన్నే వాడతారు. ఒకరు విండోస్ బదులు లైనక్స్ అనే ఇంకో ఓఎస్ వేసుకోమన్నారు, ఇంకొకరు రూల్స్ దాటించి 11 ఎక్కించేయమన్నారు, మరొకరు పక్కన పడేసి కొత్తది కొనమన్నారు. ఎవరి మాట వినాలి?

సూటిగా చెప్తాను. ముందు హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టించి, దాని మీద లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ వేసి ఒక నెల వాడి చూడండి. పాత హార్డ్ డిస్క్‌ని మాత్రం చెరపకుండా ఉన్నదున్నట్టు దాచండి. ఆ నెలలో మీ ముగ్గురిలో ఎవరికైనా విండోస్ లేకపోతే అస్సలు జరగని పని ఒక్కటి తేలినా, అప్పుడు విండోస్ 11 అధికారికంగా నడిచే మెషీన్‌కి వెళ్లండి. రూల్స్ దాటించి 11 వేయమని మాత్రం మీ ఇంటికి నేను చెప్పను. ఎందుకో కింద రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను 18 ఏళ్లుగా ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఓఎస్ గురించి ఎవరు అడిగినా ముందు ఒక తెల్ల కాగితం తీసుకోమంటాను. కంప్యూటర్ ముట్టుకునే ప్రతి మనిషి పేరూ రాసి, ఆ పేరు కింద వాళ్లు ఏమేం తెరుస్తున్నారో వారం రోజుల పాటు తెరిచినప్పుడల్లా రాయాలి. తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే పడే పనులు గుర్తు తెచ్చుకుని వాటినీ చేర్చాలి. రోజూ చేసే పనులు ఏ ఓఎస్ మీదైనా అయిపోతాయి, చిక్కు తెచ్చిపెట్టేవి ఎప్పుడో ఒకసారి పడే పనులే. ఒకాయన "నాకు బ్రౌజర్ తప్ప ఇంకేం అక్కర్లేదండీ" అని గట్టిగా అంటే నమ్మి లైనక్స్ వేసిచ్చాను. రెండు నెలలకి ఫోన్ వచ్చింది. వాళ్ల అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు ఆయనే రాస్తారట, దానికో చిన్న అకౌంట్స్ ప్రోగ్రామ్ ఉందట, మూడు నెలలకోసారి తెరుస్తారట. అది ఎప్పటిదో పాత విండోస్ ప్రోగ్రామ్. లైనక్స్ మీద విండోస్ ప్రోగ్రాముల్ని నడిపే వైన్ అనే ఏర్పాటు ఒకటుంది, దానితో ప్రయత్నిస్తే ప్రోగ్రామ్ తెరుచుకుంది, లెక్కలు కనిపించాయి, ప్రింట్ నొక్కగానే మాయమైపోయేది. ఒక సాయంత్రమంతా కూర్చున్నా లొంగలేదు. మళ్లీ విండోసే వేశాను. అందులో ఆయన తప్పేం లేదు, నేను అడగాల్సిన తీరులో అడగలేదు. అప్పటి నుంచి కాగితం చూడకుండా పెన్‌డ్రైవ్ బయటికి తీయడం మానేశాను.

కాగితం తయారయ్యాక ఒక్కో పని పక్కన గుర్తు పెట్టుకోండి. బ్రౌజర్‌లోనే అయిపోయేది ఒక రకం. వేరే ప్రోగ్రామ్‌తోనైనా అయ్యేది రెండో రకం, ఉత్తరం రాయడం, ఫోటో కత్తిరించడం, వీడియో చూడటం లాంటివి. ఫలానా ప్రోగ్రామే ఉండాలి, ఇంకోటి పనికిరాదు అనేది మూడో రకం. మూడో రకంలో ఏముందో అదే మీ ఓఎస్‌ని నిర్ణయిస్తుంది. ఫోటోషాప్ మీద బతికేవాళ్లు, ఎక్సెల్‌లో మ్యాక్రోలు (పనులు వాటంతట అవే జరిగేలా రాసే ఆదేశాలు) రాసుకునేవాళ్లు, ఆటోక్యాడ్ నేర్చుకునేవాళ్లు లైనక్స్ గురించి ఆలోచించనే అక్కర్లేదు. మూడో రకం ఖాళీగా ఉంటే మీకు చాలా స్వేచ్ఛ ఉన్నట్టే.

మీ అమ్మాయి విషయంలో ఒకటి తప్పకుండా కనుక్కోండి. ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ పరీక్షలకు కెమెరా పెట్టి గమనించే సాఫ్ట్‌వేర్లు కొన్ని విండోస్ మీద, మ్యాక్ మీద మాత్రమే నడుస్తాయి. ఆమె అలాంటి పరీక్ష ఏదైనా రాయబోతుంటే, ఆ సాఫ్ట్‌వేర్ ఏ ఓఎస్‌ల మీద నడుస్తుందో ముందే చూడండి. పరీక్ష రోజు పొద్దున తెలిస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నేను ఒక ఇంట్లో దగ్గరుండి చూశాను. పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్ అరువు తెచ్చి గట్టెక్కించాం.

ఇక విండోస్ 10 సంగతి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు ఆగిపోయింది. కంప్యూటర్ పనిచేయడం ఆగదు, కానీ కొత్తగా బయటపడే సెక్యూరిటీ లోపాలకు మరమ్మతులు రావు. ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది పొడిగింపు ప్రకటించింది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. నిర్ణయానికి టైమ్ కావాలనుకుంటే దీన్ని వాడుకోవచ్చు, తప్పేం లేదు. కానీ "ఏమవుతుందిలే, ఇలాగే వాడదాం" అని ఏళ్ల తరబడి ఉండిపోవద్దు. విండోస్ 7 వాడినవాళ్లని చూశాం కదా. 2020 జనవరిలో దానికి మద్దతు ఆగింది, అయినా చాలామంది కదల్లేదు. 2023లో క్రోమ్ బ్రౌజర్ కూడా 109వ వెర్షన్ దగ్గరే వాళ్లని వదిలేసి ముందుకెళ్లిపోయింది. ఆ తర్వాత ఒక్కో వెబ్‌సైటూ "మీ బ్రౌజర్ పాతది" అనడం మొదలుపెట్టింది. ఓఎస్ పాతబడితే ముందు సెక్యూరిటీ పోతుంది, కొన్నాళ్లకి బ్రౌజర్ పోతుంది, బ్రౌజర్ పోయాక ఇంట్లో ఆ కంప్యూటర్‌తో చేయగలిగేది పెద్దగా ఏం మిగలదు.

మీ మెషీన్‌కి 11 ఎందుకు రాదు? అందులో బలం లేక కాదు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతుల్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ లాంటివి మీ దగ్గర ఉన్నాయి. అడ్డం పడేది ప్రాసెసర్ జాబితా. ఇంటెల్‌లో దాదాపుగా 2017లో వచ్చిన ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు, మీది ఆరోది. దీనికి తోడు టీపీఎం 2.0 ఉండాలి, అంటే తాళం చెవుల్లాంటి రహస్య సంకేతాలను దాచే సెక్యూరిటీ చిప్, లేదా ప్రాసెసర్‌లోనే ఉండే ఆ ఏర్పాటు. సెక్యూర్ బూట్ కూడా ఉండాలి, కంప్యూటర్ లేచేటప్పుడు నడిచే కోడ్ మీద నమ్మదగ్గ సంతకం ఉందో లేదో అది చూస్తుంది. ఈ రెండూ కొన్ని పాత బోర్డుల్లో ఉండి కూడా బయోస్‌లో (ఓఎస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో) ఆఫ్ చేసి ఉంటాయి, ఆన్ చేస్తే సరిపోతుంది. ఇది చదివే మిగతావాళ్లలో ఎనిమిదో తరం లేదా ఆ పైది ఉండి కూడా "కుదరదు" అని వస్తుంటే ముందు బయోస్ చూసుకోండి, నేను చూసినవాటిలో సగం అక్కడే తేలిపోయాయి. మీది ఆరో తరం కాబట్టి బయోస్‌లో ఏం మార్చినా లాభం లేదు.

రూల్స్ దాటించి వేయడం గురించి. అది పనిచేస్తుంది, అబద్ధం చెప్పను. రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసుకునేటప్పుడు ఆ తనిఖీలు తీసేయమని టిక్ పెట్టే వీలుంది, మీ మెషీన్‌లో ఇన్‌స్టాల్ అవుతుంది కూడా. మా తోడల్లుడి డెస్క్‌టాప్‌కి నేనే అలా వేశాను. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చాయి. కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ ఇలాంటి మెషీన్లకి తనంతట తాను రాదు. హోమ్ ఎడిషన్‌లో ఒక్కో వెర్షన్‌కి మద్దతు రెండేళ్లే. అంటే రెండేళ్ల లోపు ఎవరో ఒకరు మళ్లీ పెన్‌డ్రైవ్ చేసి, కూర్చుని, పై వెర్షన్‌కి మార్చాలి. ఆయనకి నేనున్నాను కాబట్టి సరిపోయింది. మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? పైగా ఇలాంటి మెషీన్లకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ ఏదీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చినప్పుడు ప్రాసెసర్‌లో కొన్ని ప్రత్యేకమైన ఆదేశాలు ఉంటేనే బూట్ అయ్యేలా, అంటే లేచేలా, మార్చారు, దాంతో మరీ పాత మెషీన్లు అక్కడితో ఆగిపోయాయి. మీ ప్రాసెసర్‌లో అవి ఉన్నాయి, ఇప్పటికైతే ఇబ్బంది లేదు. రేపు ఇంకేం మారుస్తారో మన చేతుల్లో లేదు. సొంతంగా ఇలాంటివి చేసుకోవడం సరదా ఉన్నవాళ్లు వేసుకోవచ్చు. నాన్నగారు వాడే కంప్యూటర్‌కి వద్దు.

క్రాక్ చేసిన విండోస్ గురించి ఒక్క మాట. లైసెన్స్ కోసమని నెట్‌లో దొరికే యాక్టివేటర్లు నడపకండి. అది నడవాలంటే యాంటీవైరస్ ఆఫ్ చేయమని అడుగుతుంది, అడ్మిన్ అనుమతి అడుగుతుంది. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కి ఆ రెండూ ఇచ్చాక ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం ఎంత ప్రమాదమో చూడండి.

ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో మీరు దాన్ని ఊరికే ఒక వివరంగా రాశారు, నా దృష్టిలో అసలు సంగతి అదే. "కంప్యూటర్ స్లో అయిపోయింది, వేరే ఓఎస్ వేద్దాం" అని నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఓఎస్ తప్పు కాదు. హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతుంటుంది, ఒక చిన్న తల దాని మీద అటూ ఇటూ కదులుతూ డేటా ఉన్న చోటికి చేరాలి. ఒక్కోసారి చేరడానికి సుమారు 10 మిల్లీ సెకన్లు పడుతుంది. వినడానికి తక్కువే, కానీ విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి, ప్రతిదానికీ తల కదలాలి, సెకనుకి వంద చోట్లకి మించి పోలేదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే సెకనులో వేల చోట్ల చదువుతుంది. మీ మెషీన్‌ని ఇప్పుడు ఆన్ చేసి టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ అని ఉన్న గడి చూడండి. ప్రాసెసర్ 10 శాతం, 15 శాతం దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం ఎర్రగా కనిపిస్తుంటుంది, లోపల నుంచి గరగరమని చిన్న శబ్దం వస్తుంటుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టకుండా లైనక్స్ వేస్తే కొంచెం తేలికవుతుంది, కానీ బ్రౌజర్ మొదటిసారి తెరిచేటప్పుడు అదే గరగర, అదే ఎదురుచూపు. "లైనక్స్ కూడా స్లోనే" అని మీ అమ్మాయి అంటుంది, ఆ మాట తప్పు కాదు కూడా. మీ బోర్డుకి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది, 256 జీబీ చాలు, ఫోటోలు ఎక్కువుంటే 512 తీసుకోండి.

మింటే ఎందుకు? లైనక్స్ అంటే 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్, ఇంజిన్ లాంటిది. దాని చుట్టూ మెనూలు, ప్రోగ్రాములు కట్టి రకరకాల బృందాలు ఇచ్చేవే డిస్ట్రోలు. విండోస్ నుంచి వచ్చే ఇంటివాళ్లకి నేను మింట్ సినమన్ ఎడిషన్ ఇస్తాను. కింద టాస్క్‌బార్, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం, అలవాటైన చోటే అన్నీ ఉంటాయి. మింట్ 22 సిరీస్ ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది, 4 జీబీ ఉన్నవాళ్లు ఇంకా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకుంటే మంచిది. ఉబుంటు కూడా మంచిదే, తెర అమరిక కొత్తగా ఉంటుంది, పెద్దవాళ్లు తడబడతారు. ఫెడోరా నాకు ఇష్టం, నా సొంత ల్యాప్‌టాప్‌లో అదే ఉంది, కానీ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్, ఒక్కోదానికి 13 నెలల మద్దతు. ఇంట్లో అందరూ వాడే మెషీన్‌కి అంత తరచుగా మార్పులెందుకు? డెబియన్ రాయిలా నిలబడుతుంది, మొదటిసారి వేసేవాళ్లకి కొంచెం పని పెడుతుంది. ఈ పేర్ల దగ్గర వారాలు గడపకండి. నెట్‌లో ఏ డిస్ట్రో గొప్పదన్న వాదనలు చదువుతూ పోతే అసలు పని మొదలవదు.

మీ నాన్నగారు అలవాటుపడతారా అని అడిగారు. రిటైరైన ఒక హెడ్మాస్టరు గారికి, అప్పటికి 72 ఏళ్లు, మింట్ వేసిచ్చాను. మొదటి వారంలో నాలుగుసార్లు ఫోన్ చేశారు. నెట్‌కి వెళ్లే నీలం "ఇ" గుర్తు కనిపించడం లేదన్నది మొదటి ఫోన్. డౌన్‌లోడ్ చేసిన కాగితం ఎక్కడికి పోయిందన్నది రెండోది. పెన్‌డ్రైవ్ పెడితే "ఇ డ్రైవ్" రావడం లేదన్నది మూడోది. నాలుగోది ప్రింటర్, అది కేబుల్ ఊడింది, ఓఎస్‌తో సంబంధం లేదు. నేను వెళ్లి ఫైర్‌ఫాక్స్ గుర్తుని డెస్క్‌టాప్ మీద పెట్టి దాని పేరు "ఇంటర్నెట్" అని మార్చాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కి పక్కనే ఇంకో గుర్తు పెట్టి "దిగుమతి అయినవి" అని తెలుగులో పేరిచ్చాను. అక్షరాల సైజు పెంచాను. ఆ తర్వాత ఆరు నెలల వరకు ఓఎస్ గురించి ఒక్క ఫోన్ రాలేదు. పెద్దవాళ్లు కొత్త ఓఎస్ నేర్చుకోలేరని పిల్లలు భయపడతారు గానీ, వాళ్లు వాడేది నాలుగు గుర్తులు. ఆ నాలుగు కళ్లెదురుగా ఉంటే చాలు. నాకు ఎక్కువ తిప్పలు వచ్చేది విండోస్‌లో బాగా ఆరితేరిన మధ్యవయసువాళ్లతో, వాళ్ల చేతికి షార్ట్‌కట్లు, ఎక్సెల్ అలవాట్లు అన్నీ పట్టేసి ఉంటాయి.

మరి ఇబ్బందులు? ఉన్నాయి, దాచను.

ఆఫీస్ ఫైళ్లు. మింట్‌తో పాటు లిబ్రేఆఫీస్ వస్తుంది, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరుస్తుంది, మామూలు ఉత్తరాలు, పట్టికలు బాగానే ఉంటాయి. బొమ్మలు, గడులు, బాణాలు కలిపి చేసిన ఫైల్ అయితే అటూ ఇటూ జరుగుతుంది. స్కూల్‌కి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే ఆ గొడవ ఉండదు. వర్డే కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల వెబ్ వెర్షన్ బ్రౌజర్‌లో నడుస్తుంది.

ప్రింటర్, స్కానర్. గత కొన్నేళ్లలో వచ్చిన వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్) లేకుండానే దొరికిపోతాయి, ఎయిర్‌ప్రింట్ ఉందని రాసుంటే దాదాపు ఖాయం. పాత యూఎస్‌బీ లేజర్ ప్రింటర్లు కొన్ని మాత్రం కంపెనీ డ్రైవర్ లేకపోతే కదలవు, ఆ డ్రైవర్ లైనక్స్‌కి ఇవ్వకపోతే అంతే సంగతులు.

ఆటలు. మీ అమ్మాయి కాగితంలో ఆటలు ఉంటే పేర్లు చూడండి. ఆటలు అమ్మే స్టీమ్‌లో ప్రోటాన్ అనే ఏర్పాటు 2018లో వచ్చినప్పటి నుంచి చాలా విండోస్ ఆటలు లైనక్స్ మీద నడుస్తున్నాయి. కానీ మోసం చేసేవాళ్లని పట్టే సాఫ్ట్‌వేర్ లోతుగా ఉండే ఆటలు, వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి, నడవవు. ఇది పిల్లలున్న ఇంట్లో చిన్న విషయం కాదు, ముందే మాట్లాడుకోండి, తర్వాత అలకలు తీర్చలేం.

సినిమాలు చూసే స్ట్రీమింగ్ సర్వీసులు కొన్ని లైనక్స్ బ్రౌజర్లలో పూర్తి నాణ్యత ఇవ్వవు. అంతే, దానికి మందు లేదు.

ఇంకో అపోహ, "లైనక్స్‌కి వైరస్ రాదు". విండోస్ కోసం రాసిన వైరస్ దాని మీద నడవదు, ఆ మాట నిజం. కానీ మీ నాన్నగారికి ఫోన్ చేసి బ్యాంకు నుంచి అని నమ్మించి ఓటీపీ అడిగేవాడికి ఓఎస్‌తో పని లేదు. దొంగ వెబ్‌సైట్, బ్రౌజర్‌కి తగిలించుకున్న చెత్త ఎక్స్‌టెన్షన్ అన్నిచోట్లా ఒకటే. ఏ ఓఎస్ వేసినా ముగ్గురికీ వేరువేరు అకౌంట్లు చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. నాన్నగారి అకౌంట్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా ఉంటే, ఎవడో ఫోన్‌లో "ఈ యాప్ వేయండి సార్" అన్నప్పుడు అది అక్కడే ఆగుతుంది. దాని బలం నేను రెండుసార్లు కళ్లారా చూశాను.

తెలుగు టైపింగ్ గురించి మీరు అడగలేదు గానీ ప్రశ్న తెలుగులో రాశారు కాబట్టి చెప్తున్నాను. విండోస్ 10లోనూ 11లోనూ భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే నేరుగా తెలుగు అక్షరాలే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డ్ కూడా వస్తుంది. మింట్‌లో ఇన్‌స్క్రిప్ట్ నేరుగా కీబోర్డ్ లేఅవుట్లలోనే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఇన్‌పుట్ మెథడ్ అనే చోట ఐబస్ పెట్టుకుని, అందులో తెలుగు ఐట్రాన్స్ గానీ ఆర్‌టీఎస్ గానీ ఎంచుకోవాలి. ఒకసారి లాగవుట్ అయి వస్తే పనిచేస్తుంది, ఆ లాగవుట్ మర్చిపోయి చాలామంది పని చేయడం లేదనుకుంటారు. అయితే మీ నాన్నగారి దగ్గర అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు ఉంటే జాగ్రత్త. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. విండోస్ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి.

మిగతా ఓఎస్‌ల గురించి త్వరగా ముగిస్తాను. క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ 2022లో వచ్చింది, పాత పీసీల మీద వేసుకోవచ్చు, బ్రౌజర్ తప్ప ఇంకేం వాడని ఇంటికి చాలా సుఖం. కానీ ప్లే స్టోర్ ఉండదు, ఆండ్రాయిడ్ యాప్‌లు నడవవు, ఇది తెలియక వేసుకుని నిరాశపడేవాళ్లు ఎక్కువ. మీ అమ్మాయికి రేపు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనిపిస్తే మింట్‌లో ఉన్న వీలు ఇందులో ఉండదు. మ్యాక్ అయితే యాపిల్ మెషీన్లకే, మీ డెస్క్‌టాప్‌కి సంబంధం లేదు. ఒకవేళ పాత మ్యాక్ ఎవరైనా అమ్ముతామంటే ఇంటెల్ ప్రాసెసర్‌ది తీసుకోకండి. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 26 ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరి వెర్షన్ అని యాపిల్ చెప్పేసింది. 2020 నవంబర్ నుంచి వచ్చిన ఎం1, ఆ పై చిప్‌లు ఉన్నవైతే పర్లేదు.

ఇక ఎలా చేయాలి. ఎస్‌ఎస్‌డీ కొనకముందే మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, దాన్నుంచి బూట్ చేస్తే డిస్క్‌ని ముట్టుకోకుండా మొత్తం మింట్ తెర మీదకి వస్తుంది. అందులో వరసగా చూడండి: వైఫై తగిలిందా, పాట వినిపిస్తోందా, కెమెరాలో మీ ముఖం కనిపిస్తోందా, ప్రింటర్ ఒక కాగితం తీసిందా. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, వేగం పట్టించుకోకండి.

ఇక్కడ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక, నా తప్పు వల్ల నేర్చుకున్నది. ఒక లాయరు గారి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో లైనక్స్ పెన్‌డ్రైవ్ బూట్ కాకపోతే బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాను. తర్వాత విండోస్‌లోకి వెళ్దామంటే నీలం తెర వచ్చి రికవరీ కీ అడిగింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి) ఉందన్నది ఆయనకి తెలీదు, నేను చూసుకోలేదు. కొత్త మెషీన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే అది చాలాసార్లు తనంతట తానే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఏ అకౌంట్? ఆయన మెయిల్ చూశాం, లేదు. ఆయన భార్య మెయిల్ చూశాం, లేదు. ఆయన కేసుల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, మర్నాడు వాయిదా ఉంది. ఆయన ఒక్క మాట అనకుండా పక్క కుర్చీలో కూర్చున్నారు, నాకు చెమటలు పట్టాయి. సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసినా అదే తెర. రాత్రి తొమ్మిదింటికి గుర్తొచ్చింది, మొదట్లో దాన్ని సెటప్ చేసింది ఆయన మేనల్లుడని. ఆ అబ్బాయి ఫోన్‌లో చదువుతుంటే ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు ఒక్కొక్కటి కొట్టాను. విండోస్ తెరుచుకుంది. బయోస్ ముట్టుకునే ముందు డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా చూడండి, ఉంటే ఆ కీ కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టండి. మీ డెస్క్‌టాప్‌లో ఆన్ అయి ఉండే అవకాశం తక్కువ, అయినా సెట్టింగ్స్‌లో ఒకసారి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

ఫోటోలు, పత్రాలు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయ్యాక వేరే కంప్యూటర్‌లో పెట్టి నాలుగు ఫోటోలు తెరిచి చూడండి. పాత హార్డ్ డిస్క్ ఉందిగా అని ఈ పని వదిలేయకండి, దాని వయసు ఇప్పటికే పదేళ్లకు దగ్గరపడింది.

ఎస్‌ఎస్‌డీ బిగించాక మింట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ ఊడదీసి ఉంచండి. రెండూ తగిలించి ఉంటే ఇన్‌స్టాలర్ తన బూట్ ఫైళ్లని ఒక్కోసారి పాత డిస్క్‌లో పెట్టేస్తుంది, రేపు ఆ డిస్క్ తీసేస్తే కొత్తది కూడా లేవదు. పైగా ఒక్క డిస్కే తగిలించి ఉంటే, ఏ డిస్క్‌ని చెరపాలని అడిగినప్పుడు పొరపాటుకు చోటుండదు. ఇన్‌స్టాల్ అయ్యాక కేబుల్ మళ్లీ పెట్టుకోవచ్చు. విండోస్ కావాల్సిన రోజు బూట్ మెనూలో పాత డిస్క్ ఎంచుకుంటే అది యథాతథంగా లేస్తుంది. ఒకే డిస్క్‌ని రెండు ముక్కలు చేసి రెండు ఓఎస్‌లు వేసే పద్ధతి కన్నా నాకు ఇదే నచ్చుతుంది. ఒకే డిస్క్ అయితే విండోస్ అప్‌డేట్ తర్వాత బూట్ మెనూ మాయమవడం లాంటి గొడవ ఎప్పుడో ఒకసారి వస్తుంది. రెండు డిస్క్‌లైనా ఒకటి గమనించండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, అప్పుడు మింట్ నుంచి ఆ డిస్క్‌లో ఏమీ రాయనివ్వదు. దాన్ని ఆఫ్ చేయండి. రెండు ఓఎస్‌లు గడియారాన్ని వేరువేరుగా లెక్కేస్తాయి కాబట్టి టైమ్ కొన్ని గంటలు తేడా చూపిస్తే కంగారుపడకండి, మింట్‌లో ఒక సెట్టింగ్‌తో పోతుంది.

మింట్ మొదటిసారి లేవగానే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ తెరిచి వారానికో స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పుడున్న స్థితికి నకలు) తీసేలా పెట్టండి. ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే ఆఖరి స్నాప్‌షాట్ తీసిన రోజుకి వెనక్కి తీసుకెళ్తుంది. అది సిస్టమ్ ఫైళ్లకే, మీ ఫోటోల బ్యాకప్ కాదు.

ప్రింటర్ మోడల్, మీ అమ్మాయి ఆడే ఆటల పేర్లు, మీ కాగితంలో మూడో రకం కింద ఏమైనా తేలితే అవీ రాయండి. నడుస్తాయో లేదో ఒక్కొక్కటీ చూసి చెప్తాను. అవి తేలేదాకా కొత్త మెషీన్ మాత్రం కొనకండి.